చింపే ముందు వెనక్కి తిప్పండి

ఆ బడిలో శుక్రవారం వచ్చిందంటే ప్రతి పిల్ల సంచిలోనూ ఒక కాగితం ఇంటికి వెళ్ళాలి. పేరు కూడా అదే, శుక్రవారం కాగితం. వచ్చే వారం ఏం జరుగుతుంది, ఎవరు రావాలి, ఏం తేవాలి, ఏం తేకూడదు, అన్నీ అందులో ఉంటాయి. అడుగున చుక్కల గీత, గీత కింద చిన్న స్లిప్పు. ఇంట్లో పెద్దవాళ్ళు చదివి, సంతకం పెట్టి, చుక్కల వెంట చింపి సోమవారం పంపాలి.

ఆ కాగితం రాసేది రెండో క్లాసు టీచర్. ఇరవై ఆరేళ్ళు, ముక్కు మీద కోపం, ఏడాదికోసారి రెన్యువల్ అయ్యే ఉద్యోగం. ముక్కు మీద కోపానికీ రెన్యువల్ ఉద్యోగానికీ పడదని వాళ్ళ నాన్న రోజూ చెబుతూనే ఉంటాడు. ఆమె రోజూ వింటూనే ఉంటుంది. వినడం వేరు, మారడం వేరు.

"మూత లేని టిఫిన్ డబ్బాలు ఏడు, డబ్బా లేని మూతలు పదకొండు ఆఫీసులో ఉన్నాయి. వాటిని కలిపే భారం మీదే" అని రాయగలిగింది ఆ బడి మొత్తానికి ఆమె ఒక్కతే. అందుకే ఆ పని ఆమెకి అంటగట్టారు.

ఒక సోమవారం స్లిప్పులు లెక్కపెడితే రెండు వందల పదకొండు ఉన్నాయి. బడిలో పిల్లలు రెండు వందల పన్నెండు మంది. మిగిలిన ఆ ఒక్కటీ స్లిప్పు కాదు, మొత్తం కాగితమే. ఎవరో చింపకుండా నాలుగు మడతలు పెట్టి పంపారు. సంతకం పక్కన "చింపడం కుదరదు" అని రాసి ఉంది.

ఆ కాగితం తెచ్చింది పిడుగు. ఏడేళ్ళ పిల్ల. ఇంట్లో పెట్టిన ముద్దుపేరు బడిలో కూడా అదే అయిపోయింది, ఆ పిల్ల నడక చూస్తే ఇంకో పేరు నోటికి రాదు.

టీచర్‌కి ఒళ్ళు మండింది. ఎర్ర పెన్ను తీసి కింద రాసింది. "పాప నాన్నగారికి, చుక్కల గీత వేసింది చింపడానికే. దయచేసి చింపి పంపండి."

మంగళవారం పొద్దున్న అదే కాగితం తిరిగొచ్చింది. చిరగలేదు. ఎర్ర అక్షరాల కింద నీలం అక్షరాలు చేరాయి. "చింపను. చింపే ముందు వెనక్కి తిప్పి చూడాలి. మీరు కూడా."

ఆ "మీరు కూడా" అన్న రెండు మాటలు ఆమెకి మధ్యాహ్నం దాకా గుచ్చుకుంటూనే ఉన్నాయి. అయినా తిప్పి చూడలేదు. కోపంలో ఉన్న మనిషికి కాగితం తిప్పడం కూడా ఓడిపోవడంలాగే కనిపిస్తుంది.

మూడు గంటలకి గేటు దగ్గరికి ఒక యువకుడు వచ్చాడు. మెడలో కొలతల టేపు, చొక్కా జేబులోంచి తొంగి చూస్తున్న చాక్ ముక్కలు. నవ్వకుండానే నవ్వుతున్నట్టుండే మొహం. ఆ మొహం ఆమెకి చూడగానే నచ్చలేదు, అలా అని ఆమె తరవాత చాలాసార్లు చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

"ఎవరు కావాలి?"

"ఈ కాగితం రాసినవాళ్ళు."

"నేనే."

"నేను పిడుగు వాళ్ళ..."

"నాన్నగారు. తెలుసు. చింపనన్నది మీరేగా."

"ముందు ఒక కరెక్షన్. నాన్నని కాదు, మేనమామని. పెళ్ళి కూడా కాలేదు. రెండోది మీరు అడగలేదనుకోండి. ఖాళీ కనిపిస్తే నింపేయడం నాకలవాటు."

"మూడోది ఏమైనా ఉందా?"

"ఉంది. కంటి పరీక్ష ఎప్పుడు?"

"కాగితంలో వేశాం కదా."

"ఏ వైపు?"

ఆమె చేతిలో కాగితం ఇంకా ఉంది. ముందువైపు పెద్ద అక్షరాలతో, "పిల్లల కంటి పరీక్షకి పెద్దవాళ్ళు ఒకరు తప్పక రావాలి. తేదీ, సమయం వెనక చూడండి" అని ఉంది. వెనక్కి తిప్పింది. అడుగున, సరిగ్గా స్లిప్పు వెనక ఉంది అసలు సంగతి: బుధవారం, ఉదయం పది గంటలకి.

అంటే అందరూ బుద్ధిగా సంతకం పెట్టి, బుద్ధిగా చింపి, తేదీని బడికే తిరిగి పంపేశారు. రెండు వందల పదకొండు బుధవారాలు ఆమె సొరుగులో రబ్బరు బ్యాండు చుట్టుకుని కూర్చున్నాయి. డాక్టర్లు వచ్చేది రేపే. టీచర్‌కి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

"నేను టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్‌నండీ. కత్తెర వేసే ముందు గుడ్డ వెనక్కి తిప్పి చూడటం మా మొదటి పాఠం. లేకపోతే జేబు వీపు మీదికి వస్తుంది," అన్నాడు అతను. "కంటి పరీక్ష సంగతి ఎవరి కంటా పడకుండా చేశారు చూడండి, అది మాత్రం అందరికీ చేతనయ్యే పని కాదు."

"వెక్కిరించడానికి షాపు వదిలి వచ్చారా?"

"కాదు. చాక్ తెచ్చాను."

బడి వదిలే గంట కొట్టేసరికి గేటు దగ్గర రెండు లైన్లు తయారయ్యాయి. ఒక లైను ఆమెది, ఒకటి అతనిది. బయటికి వెళ్ళే ప్రతి పిల్ల సంచి మీదా టైలరు చాక్‌తో "బుధ 10 కళ్ళు" అని రాసి పంపారు. అతని చెయ్యి ఒక్క గీతలో అక్షరం వేసేస్తుంటే ఆమె చెయ్యి అక్షరానికి మూడు గీతలు తీసుకుంటోంది.

"స్పీడు పెంచాలి టీచర్‌గారూ."

"నేను అక్షరాలు దిద్దించేదాన్ని. గుండీ కుట్టాల్సిన చోట గుర్తులు పెట్టేదాన్ని కాదు."

"అందుకే మీ లైను ఇంకా గేటు దాటలేదు."

మర్నాడు పది గంటలకి ఆ బడి వసారాలో అడుగు పెట్టడానికి చోటు లేదు. బడిని నడిపే పెద్దమేడం ఆ రెండు రోజులూ ఏదో మీటింగుకి వెళ్ళడం అదృష్టం. టీచర్‌కి మాత్రం స్లిప్పు టీచర్ అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరు ఎందుకు వచ్చిందో బడిలో తెలియని మనిషి పెద్దమేడం ఒక్కతే.

ఆ తరవాత ప్రతి సోమవారం పిడుగు తెచ్చే స్లిప్పులో సంతకం కింద ఒక వాక్యం ఎక్కువ ఉండేది.

"మా మూత మీ పదకొండింటిలో ఒకటి. ఆకుపచ్చది. గుర్తుపట్టడానికి సాక్షిగా డబ్బాని పంపుతున్నాను."

ఆమె ఎర్ర పెన్నుతో కింద, "సాక్షి కడగకుండా వచ్చింది" అని రాసి పంపింది.

పిల్లల తలల్లో పేలు పడ్డాయి, జాగ్రత్త అని కాగితంలో వేసిన వారం, "మా ఇంట్లో లేవు. టీచర్‌గారి ఇంట్లో ఉంటే మొహమాటపడకుండా చెప్పండి, మంచి దువ్వెన ఉంది" అని వచ్చింది.

"చేతిరాత బాగోలేదు. పదికి నాలుగు."

"ఇంకొక్క మార్కు వేస్తే పాసవుతాను. అడుక్కుంటున్నానని అనుకోకండి, నిజంగానే అడుక్కుంటున్నాను."

ఆమె ఐదు వేయలేదు. కానీ ఆదివారం సాయంత్రం నుంచే సోమవారం కోసం చూడటం మొదలుపెట్టింది. అతనంటే ఆమెకి ఇష్టం కలిగింది. దానికి ఇంకేదో పేరు పెట్టాలని నాలుగు వారాలు తంటాలు పడి, ఐదో వారం మానుకుంది.

పిడుగు మాటల్లోంచి ఆ ఇల్లు కొంచెం కొంచెంగా తెలిసింది. అమ్మ సరుకుల ఓడ మీద వంటమనిషి. ఒకసారి ఎక్కితే ఆరు నెలలు సముద్రం మీదే. సిగ్నల్ దొరికినప్పుడు ఫోన్ చేసి, పిడుగుకి ఎన్ని పళ్ళు ఊడాయో అడుగుతుంది. నాన్న ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఉన్నది అమ్మమ్మా, మావయ్యా. పిడుగుకి జడ వేసేది మావయ్యే. పాపిడి ఎప్పుడూ తిన్నగా ఉంటుంది, కొలిచి గీసినట్టు. నిజంగానే టేపు పెట్టి కొలుస్తాడని పిడుగు ఒట్టు పెట్టి చెప్పింది.

అంతా సవ్యంగా నడుస్తుండగా కుటుంబాల రోజు వచ్చి పడింది.

పెద్దమేడం చెడ్డ మనిషి కాదు. ఆ సంగతి ఇప్పుడే చెప్పాలి, లేకపోతే అన్యాయం. పోయినేడాది కుటుంబాల రోజుకి ఇంటికి తొమ్మిదేసి మంది వచ్చారు. కుర్చీలు చాలక ఒకాయన బల్లెక్కి కూర్చుంటే బల్ల విరిగింది. ఎవరి పెదనాన్నో ఆటల మాస్టారి చేతిలోంచి మైకు లాక్కుని ఇరవై నిమిషాలు పాట పాడాడు. ఆ ఇరవై నిమిషాల్లో పెద్దమేడం గట్టిగా ఒట్టు పెట్టుకుంది.

"ఈసారి అమ్మా నాన్నా మాత్రమే. ఇతర బంధువులకి ప్రవేశం లేదు. బోల్డ్‌లో వెయ్యి," అంది టీచర్‌ని పిలిచి.

"ఇంటికి ఇద్దరు అని వేద్దాం మేడం. ఆ ఇద్దరూ ఎవరన్నది వాళ్ళే చూసుకుంటారు."

"ఇద్దరంటే అమ్మా నాన్నేగా."

"అందరికీ కాదు."

"ఒకరిద్దరి కోసం రూలు మార్చలేం."

"ఒకరిద్దరే అని ఎవరు లెక్కపెట్టారు మేడం?"

పెద్దమేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే మాటలు అయిపోయినట్టే. "నీ రెన్యువల్ ఈ నెలే కదా," అంది.

అది బెదిరింపు కాదు, ఉత్త గుర్తు చేయడమే. బెదిరింపైతే బాగుండేది, తిరగబడటానికి పట్టు దొరికేది.

టీచర్ క్లాసుకి వచ్చి ఆ వాక్యం కాగితం మీద రాసుకుంది. రాసింది తన చేత్తోనే కాబట్టి కోపం తన మీదే వచ్చింది. అంతలో పిల్లలు నోటు పుస్తకాలు దిద్దించుకోవడానికి వచ్చారు. క్లాసులో అందరికంటే ముందు చదవడం నేర్చుకున్నది పిడుగు. పుస్తకం దిద్దే లోపల బల్ల మీద ఉన్నదంతా చదివేసింది.

"టీచర్, రేపు నాకు కాగితం ఇవ్వకండి."

"ఎందుకే?"

"అందులో మేం లేం."

పిల్ల ఏడవలేదు. పెన్సిలు చెక్కుకుంటూ, ముక్క నేల మీద పడితే తీసి జేబులో వేసుకుంటూ చెప్పింది. ఏడ్చి ఉంటే ఊరుకోబెట్టేది. ఏడవని పిల్లని ఏం చెయ్యాలో ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు.

"మావయ్యకి చెప్తావా?"

"చెప్తే గేటు దగ్గర గొడవ పెట్టుకుంటాడు. కడుపునొప్పి అని ఇంట్లో ఉండిపోతాను. మీరు కూడా చెప్పకండి."

టీచర్ చెప్పలేదు. ఆ మధ్యాహ్నమంతా కంప్యూటర్ ముందు కూర్చుంది. పెద్దమేడం చెప్పిన వాక్యం పొల్లు పోకుండా టైపు చేసింది. బోల్డ్ చేసింది. తరవాత దాన్ని ముందువైపు నుంచి తీసి వెనకవైపు పెట్టింది. స్కేలు పెట్టి కొలిచింది. అడుగు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల లోపల, స్లిప్పుకి సరిగ్గా వెనక. ముందువైపు స్లిప్పులో ఒక కొత్త వరస చేర్చింది: "మీ ఇంటి నుంచి వచ్చే ఇద్దరూ బిడ్డకి ఏమవుతారు?"

మొదటిసారి అది పొరపాటు. ఈసారి కాదు.

పెద్దమేడం రెండు వైపులనీ రెండు విడివిడి కాగితాల మీద చూసింది. "బోల్డ్‌లో వేశావు. గుడ్," అని రెండింటి మీదా సంతకం పెట్టింది.

శుక్రవారం పోయిన కాగితాలకి సోమవారం రెండు వందల పన్నెండు స్లిప్పులు వచ్చాయి. వెనకవైపు చదివే అలవాటు ఎంతమందికి ఉందో కంటి పరీక్షప్పుడే తేలింది. పిడుగు స్లిప్పు అన్నిటికంటే కింద ఉంది. ఈసారి చక్కగా, చుక్కల వెంటే చింపి ఉంది. ముందువైపు "మేనమామ, అమ్మమ్మ" అని రాశాడు. ఆమె వెనక్కి తిప్పింది. బోల్డ్ వాక్యం కింద నీలం అక్షరాలు కనిపించాయి.

"ఇది పొరపాటు కాదని తెలుసు. అందుకే చింపేశాను. మీరు మా కోసం చేస్తున్నది కూడా అర్థమైంది. మీ ఉద్యోగానికి ముప్పు వస్తే మీరొక్కరే నిలబడరు."

ఆమె ఎర్ర పెన్ను తీసింది. "పదికి పది" అని వేసి, ఆ స్లిప్పుని కట్టలో పెట్టకుండా తన పర్సులో పెట్టుకుంది.

శనివారం తొమ్మిదింటికే గేటు బయట లైను కట్టారు. ఇద్దరిద్దరుగా. అమ్మా నాన్నలున్నారు. అమ్మమ్మా తాతయ్యలున్నారు. డ్రైవరు యూనిఫారంలో ఒక బాబాయి, కాలేజీ సంచి తగిలించుకున్న ఒక అక్క, వదినా మరదళ్ళ జంట ఒకటి. ఆకాశం మబ్బు పట్టి, వాన పడనా వద్దా అన్నట్టుంది.

లైనులో అందరికంటే ముందు కటింగ్ మాస్టరూ వాళ్ళమ్మా ఉన్నారు. మధ్యలో పిడుగు. కడుపునొప్పి అని పొద్దున్నే మొదలుపెడితే, "నొప్పి గేటు దాకా వచ్చాక చూద్దాం" అని మావయ్య జడ వేసి తీసుకొచ్చాడట.

పెద్దమేడం గేటు దగ్గరే నిలబడి ఉంది.

"మీరు పాప తండ్రా?"

"మేనమామనండీ. ఈవిడ అమ్మమ్మ."

"కాగితం చదవలేదా? అమ్మా నాన్నా మాత్రమే అని బోల్డ్‌లో వేశాం."

లైనులో గుసగుసలు బయల్దేరాయి. "మా కాగితంలో అలాంటిదేం లేదండీ," అన్నాడు వెనక నుంచి బాబాయి. "మా దాంట్లోనూ లేదు," అంది అక్క. ఒక్కొక్కరే కాగితాలు తీసి పైకెత్తారు. అన్నిటికీ అడుగున చిరిగిన అంచే ఉంది.

పెద్దమేడం కటింగ్ మాస్టర్ వైపు తిరిగింది. "మీ దాంట్లోనూ లేదా?"

లేదంటే సరిపోయేది. కొంచెం దూరంలో నిలబడ్డ టీచర్ లేదనమనే మనసులో వేడుకుంటోంది.

"ఉందండీ. చదివాను. చదివే వచ్చాను."

"చదివి కూడా ఎలా వచ్చారు?"

"నడిచి వచ్చాం," అంది అమ్మమ్మ. "ఈ పిల్ల తల్లి సముద్రం మీద నలభై మందికి వండి పెడుతోందమ్మా. తల్లే రావాలంటే ఓడ వెనక్కి తిప్పాలి. తిప్పించగలిగితే చెప్పు, ఇప్పుడే ఫోన్ చేస్తాను."

టీచర్ ఇక ఆగలేదు. ఆఫీసులోంచి స్లిప్పుల పెట్టె తెచ్చి పెద్దమేడం ముందు పెట్టింది.

"వాళ్ళని అడక్కండి మేడం. చేసింది నేను. మీరు చెప్పిన లైను వేశాను, స్లిప్పు వెనక వేశాను. అందరూ చింపి మనకే పంపేశారు."

"పొరపాటున వేశావా?"

"కావాలనే వేశాను."

పెద్దమేడం చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది.

"తీసేముందు ఒక్కసారి ఇవి చూడండి మేడం. మీరు ఒకరిద్దరన్నారు. నేను లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు ఇళ్ళలో డెబ్భై నాలుగు ఇళ్ళ నుంచి అమ్మా నాన్నా కలిసి రావడం లేదు. నైట్ డ్యూటీలు, వేరే ఊళ్ళు, లేనివాళ్ళు, విడిపోయినవాళ్ళు. ఆ లైను ఇళ్ళకి చేరి ఉంటే ఇవాళ డెబ్భై నాలుగు మంది పిల్లలకి కడుపునొప్పి వచ్చేది."

పిడుగు తలెత్తి టీచర్‌ని చూసింది. చెప్పకండి అన్న సంగతిని టీచర్ పేరు చెప్పకుండానే చెప్పేసింది. అది పిడుగుకి నచ్చినట్టే ఉంది.

పెద్దమేడం స్లిప్పులు తీసి చూడటం మొదలుపెట్టింది. అమ్మ, పిన్ని. తాతయ్య, అమ్మమ్మ. నాన్న, నానమ్మ. చూస్తూ చూస్తూ ఒక దగ్గర ఆగింది.

"పక్కింటి ఆంటీ అని రాశారు. ఎవరు?"

లైను చివర ఒకావిడ చెయ్యెత్తింది. "నేనేనండీ. వాళ్ళమ్మకి షిఫ్టు మారదండీ. రోజూ వీణ్ణి తయారు చేసి పంపేది నేనే."

"నీ రెన్యువల్ మీద నేనింకా సంతకం పెట్టలేదు," అంది పెద్దమేడం, స్లిప్పుల మీంచి తల ఎత్తకుండానే.

"పెట్టకపోయినా పర్వాలేదు మేడం. గేటు మాత్రం మూయకండి."

ఆ మాట ఆమె గట్టిగా అనలేదు. అయినా లైను చివరిదాకా వినిపించింది. కటింగ్ మాస్టర్ ఒక అడుగు వేసి ఆమె పక్కన నిలబడ్డాడు. స్లిప్పులో రాసిన మాట నిలబెట్టుకున్నాడు.

"కుర్చీలు ఎన్నున్నాయి?"

"నాలుగు వందల ముప్పై. ఇంటికిద్దరంటే నాలుగు వందల ఇరవై నాలుగు. లెక్క చూసుకునే చేశాను మేడం."

పెద్దమేడం కళ్ళజోడు తీయలేదు. సరిచేసుకుంది. "ఇంటికిద్దరు. మూడో మనిషి కనపడితే మాత్రం ఊరుకోను. మైకు దగ్గరికి ఏ పెదనాన్ననీ రానివ్వకండి," అని గేటు పక్కకి జరిగింది.

ఆటల మాస్టారు ఆఖరి ఆటగా ఇద్దరిద్దరి కాళ్ళు కట్టి పరుగెత్తించే పందెం పెట్టాడు. దాని పేరు కూడా అమ్మానాన్నల పరుగని బోర్డు మీద రాసి ఉంటే, పిడుగు వెళ్ళి "అమ్మానాన్నల" మీద సుద్దముక్కతో కొట్టేసి "ఇంటివాళ్ళ" అని రాసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు.

అమ్మమ్మ గీత దాకా వచ్చి ఆగిపోయింది. "నా మోకాలు నిన్నటి నుంచే వద్దంటోంది. టీచరమ్మా, ఇలా రా, నువ్వు కట్టుకో."

"నేను ఇంటిదాన్ని కాదు కదండీ," అంది టీచర్.

"పరుగెత్తమన్నాను, కాపురం చెయ్యమన్లేదు. అది తరవాత సంగతి."

కటింగ్ మాస్టర్ చెవులు ఎర్రబడ్డాయి. వెక్కిరించడంలో అంత ఆరితేరినవాడు అమ్మ ముందు తల దించుకుని జేబులు వెతుక్కున్నాడు. టీచర్‌కి అది చూడటం మహా సంతోషంగా ఉంది. అతను జేబులోంచి గుడ్డ అంచు ముక్క తీసి ఇద్దరి కాళ్ళకీ ముడి వేశాడు.

"బిగుతుగా ఉందా?"

"చాలా. కొలత తీసుకోలేదా?"

"ఇప్పుడే తీసుకుంటున్నాను. ముందు కట్టిన కాలు. ఒకటి అంటే అది, రెండంటే ఇంకోటి."

విజిల్ మోగాక మూడో అడుగుకే చినుకులు మొదలయ్యాయి. ఐదో అడుగుకి అతను రెండు అంటే ఆమె ఒకటి వేసింది. ఇద్దరూ మెత్తటి మట్టిలో కూర్చుండిపోయారు. బాబాయీ, వదినా మరదళ్ళూ, పక్కింటి ఆంటీ, అందరూ వాళ్ళని దాటి వెళ్ళిపోయారు.

"లేవండి," అంది ఆమె.

"ఎలాగూ ఆఖరే."

"ఆఖరైనా సరే, గీత దాటాలి. పిడుగు చూస్తోంది."

అతను ఆమెని చూశాడు. వాన నీళ్ళు కనుబొమల మీంచి కారుతున్నా తుడుచుకోలేదు. "మీతో పరుగెత్తడం చాలా కష్టం," అన్నాడు. "అయినా రోజూ పరుగెత్తాలని ఉంది."

"ముందు ఇవాళ్టిది పూర్తి చెయ్యండి."

గీత దాటేసరికి మైదానంలో మిగిలింది వాళ్ళిద్దరే. పిడుగు మాత్రం వాళ్ళే గెలిచినట్టు గెంతులు వేసింది.

సోమవారం పెద్దమేడం టీచర్‌ని పిలిచి రెండు కాగితాలు ఇచ్చింది. మొదటిది రెన్యువల్, సంతకంతో సహా. రెండోది ఆర్డరు. "ఇకపై శుక్రవారం కాగితం ఒకవైపే ముద్రించాలి. వెనకవైపు పూర్తిగా ఖాళీగా ఉండాలి."

"చదివావా?"

"చదివాను మేడం."

"వెనక్కి తిప్పి చూడు. అక్కడేం లేదు. నాకూ తెలుసు ఆ తెలివి," అంది పెద్దమేడం. అని, నవ్వు కనపడకుండా ఫైలు తెరిచింది.

ఆ వారం కాగితం ఒకవైపే వెళ్ళింది. పుస్తకాల ప్రదర్శనకి ఎవరు వస్తారు, బిడ్డకి ఏమవుతారు అని స్లిప్పులో రెండే ప్రశ్నలు. తరవాతి సోమవారం పిడుగు స్లిప్పు తెచ్చి, "మావయ్య ఇది మీ చేతికే ఇమ్మన్నాడు, ఇప్పుడే చూడమన్నాడు. బడి వదిలేటప్పుడు గేటు దగ్గర ఉంటాడట," అని ఊపిరి తిప్పుకోకుండా చెప్పింది.

స్లిప్పు మీద రెండు ప్రశ్నల కింద అతను పెన్నుతో ఇంకో వరస గీశాడు.

"పిడుగుకి ఏమవుతారు: మేనమామ.

టీచర్‌గారికి ఏమవుతారు: ............

ఇది నేను నింపలేను, మీరే నింపాలి. నాకు మీరంటే చాలా ఇష్టం. మా అమ్మకి చెప్పాను. అక్కకి ఫోన్‌లో చెప్తే, ఇంకా అడగలేదా అని తిట్టింది. ఖాళీగా వదిలేసినా కాగితం పంపడం మానను."

క్లాసులో పిల్లలు కూడికలు చేస్తున్నారు. టీచర్ స్లిప్పుని రెండుసార్లు చదివింది. మొహం మీది నవ్వు దాచుకోవడానికి బోర్డు వైపు తిరిగింది. బోర్డు మీద ఏమీ లేదు. ఇంట్లో నాన్నకి ఈ సంగతి చెప్పాలి. ముక్కు మీద కోపం ఉన్న పిల్లకి సంబంధాలు కుదరవని ఆయన దిగులు. ఆ దిగులు తీర్చకుండా ఇంకా ఎన్నాళ్ళు ఉంచాలి?

ఆమె ఆ చుక్కల మీద ఏమీ రాయలేదు. పక్కన చిన్న బాణం గుర్తు వేసి, స్లిప్పు వెనక్కి తిప్పింది. ఆర్డరు ప్రకారం వెనక ఖాళీగానే ఉంది. ఎర్ర పెన్నుతో నింపింది.

"ఆదివారం సాయంత్రం ఐదు గంటలకి మా ఇంట్లో మా అమ్మానాన్నలతో సమావేశం. ఇంటికిద్దరు అన్న రూలు లేదు. మీ అమ్మగారూ, పిడుగూ, ఫోన్‌లో మీ అక్కా, ఎంతమందైనా రావచ్చు."

బడి వదిలే గంట కొట్టాక పిడుగు వీపు మీది సంచి ఊపుకుంటూ పరుగెత్తింది. టీచర్ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది. గేటు బయట అతను స్లిప్పు అందుకున్నాడు. చుక్కలు ఖాళీగా ఉండటం చూశాడు. మొహం వాడిపోతుందేమోనని ఆమె భయపడింది. కానీ అతను కటింగ్ మాస్టర్. వెనక్కి తిప్పాడు.

అక్కడే నిలబడి రెండోసారి చదివాడు. పిల్లలు అతనికి రెండు పక్కల నుంచీ వెళ్ళిపోతున్నారు. పిడుగు చొక్కా పట్టుకుని లాగింది, "ఏం రాసింది మావయ్యా, ఎన్ని మార్కులేసింది?"

అతను పిడుగుని కిటికీ వైపు వీపు వచ్చేలా తిప్పి నిలబెట్టాడు. జేబులోంచి చాక్ ముక్క తీసి, ఆ సంచి నిండా, ఒక్కో అక్షరం ఒక్కో గీతలో, కిటికీ దాకా కనపడేంత పెద్దగా రాశాడు.

ఆది 5.